స్థలంలో పెట్టుబడి: కొన్ననాటి కాగితమే అమ్మిననాటి లాభం

సీజను ముగిసి, చిట్టా ఆవర్జాలు సరిచూసుకున్న తర్వాత మిగిలిన రొక్కాన్ని స్థలంలోనో, ఇంటిలోనో పెట్టాలన్న ఆలోచన వర్తకులకు సహజంగా కలుగుతుంది. గుంటూరు మిర్చి యార్డులోనైనా, నిజామాబాదు పసుపు మార్కెట్టులోనైనా, ఆదోని పత్తి బజారులోనైనా ఇదే వరస. సరుకు పుచ్చుతుంది, రంగు మారుతుంది, తూకం తగ్గుతుంది. భూమికి ఆ బాధ లేదు కదా అన్నది అందరూ చెప్పే కారణం. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే భూమికి కూడా తరుగు వున్నది. అది కాటా మీద కనబడదు. స్టాంపులలో, పన్నులో, వడ్డీలో, కాగితాల లోపంలో కనబడుతుంది.

సరుకు వ్యాపారంలో లాభనష్టాలు అమ్మేనాటి ధారణను బట్టి తేలుతాయి. స్థలం వ్యవహారంలో చాలా భాగం కొన్ననాడే తేలిపోతుంది. ఎవరి పేరున కొన్నారు, ఎంతకు కొన్నట్టు రాసుకున్నారు, సొమ్ము ఏ విధంగా చెల్లించారు, పుస్తకాలలో ఏ ఖాతా కింద చూపారు అన్న నాలుగు సంగతులు అమ్మిననాడు చేతికి వచ్చే మొత్తాన్ని నిర్ణయిస్తాయి. మొదటిసారి స్థలం కొనబోయే వర్తకులు గమనించవలసిన ముఖ్య విషయం ఇదే.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టానికి బదులు 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం వర్తిస్తుంది. సెక్షన్ల నంబర్లు మారినందున ఇక్కడ నంబర్లు ఇవ్వకుండా సూత్రాలను మాత్రమే వివరిస్తున్నాము.

సరుకా, ఆస్తా?

ఆదాయపు పన్ను లెక్కలో మొదట వచ్చే ప్రశ్న ఇది. కొన్న స్థలం వ్యాపార సరుకా, లేక పెట్టుబడి ఆస్తా? పెట్టుబడిగా కొని, కొంతకాలం వుంచుకుని అమ్మితే వచ్చేది మూలధన లాభం. 24 నెలలకు మించి వుంచిన పక్షంలో అది దీర్ఘకాల లాభమవుతుంది. దానిపై పన్ను 12.5 శాతం. అలాకాక ఎకరాలు కొని, ప్లాట్లుగా విడగొట్టి, ఒకదాని వెనుక ఒకటి అమ్ముతూ పోతే అది వ్యాపారం. ఆ లాభం మిర్చి లాభంతో, పత్తి లాభంతో కలిసి శ్లాబు ప్రకారం పన్నుకు వస్తుంది. పై శ్లాబు 30 శాతం. ఎన్నేళ్లు వుంచుకున్నారన్న లెక్క అప్పుడు అక్కరకు రాదు.

ఇది వ్యాపారమా కాదా అని తేల్చడానికి ఒక్క కొలబద్ద లేదు. ఎన్నిసార్లు కొన్నారు, ఎంత త్వరగా అమ్మారు, అప్పు తెచ్చి కొన్నారా, పుస్తకాలలో ఎలా చూపారు అన్నవన్నీ కలిపి చూస్తారు. వీటిలో వర్తకుని చేతిలో పూర్తిగా వుండేది చివరిది. పెట్టుబడిగా కొన్న స్థలాన్ని కొట్టు సరుకుతో కలపకుండా వేరే ఖాతా తెరచి మొదటి రోజునుంచే చూపాలి. అమ్మిన తర్వాత ఏది లాభమో చూసుకుని పేరు పెట్టుకుందామంటే చెల్లదు.

గజం ధర వేరు, పడిన ఖరీదు వేరు

బజారులో చెప్పుకునే ధరకు, వాస్తవంగా పడిన ఖరీదుకు గల తేడాను ఒక లెక్కతో చూద్దాము. ఒక వర్తకుడు 300 చదరపు గజాల ప్లాటును గజం రు. 20,000 చొప్పున రు. 60 లక్షలకు కొన్నాడనుకుందాము. సాధారణ విక్రయ దస్తావేజుకు స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను స్థూలంగా 7.5 శాతం పడుతుంది. అది రు. 4.5 లక్షలు. మధ్యవర్తి దలాలీ మరొక రు. 50 వేలు. మొత్తం పడిన ఖరీదు రు. 65 లక్షలు.

మూడేళ్లకు ఆ ప్లాటు కోటి రూపాయలకు అమ్ముడుపోయింది. బజారులో అందరూ రు. 40 లక్షల లాభం అంటారు. అసలు లెక్క ఇది. అమ్మకం దలాలీ 1 శాతం, అంటే రు. 1 లక్ష పోగా రు. 99 లక్షలు. దానిలో పడిన ఖరీదు రు. 65 లక్షలు తీసివేస్తే పన్నుకు వచ్చే లాభం రు. 34 లక్షలు. 12.5 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి రు. 4.42 లక్షలు. చేతిలో మిగిలేది రు. 29.58 లక్షలు.

ఇక వడ్డీ. ఆ రు. 65 లక్షలు కొట్లో తిరిగినా, నమ్మకమైన చోట వున్నా నూటికి రూపాయి గిట్టేదనుకుంటే నెలకు రు. 65 వేలు, మూడేళ్లకు రు. 23.4 లక్షలు. అది తీసివేస్తే నికరంగా మిగిలినది రు. 6.18 లక్షలు. అదే ప్లాటు కోటికి కాక రు. 90 లక్షలకు అమ్ముడుపోయి వుంటే, దలాలీ, పన్ను, వడ్డీ పోగా రు. 2.43 లక్షల నష్టం. మూడేళ్లలో ధర ఒకటిన్నర రెట్లయినా నష్టమే. ఖాళీ స్థలం అద్దె తేదు. పట్టణాలలో ఖాళీ స్థలం పన్ను కూడా కట్టవలసి వుంటుంది. కాబట్టి కొనే ముందు "ఎంత పెరుగుతుంది" అన్న ప్రశ్నతో పాటు "ఎన్నాళ్లలో" అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

కొలతలలో కూడా జాగ్రత్త అవసరం. కోస్తాలో సెంటు లెక్క, తెలంగాణలో గుంట లెక్క, పట్టణాలలో గజం లెక్క. ఎకరాకు 100 సెంట్లు లేదా 40 గుంటలు లేదా 4,840 చదరపు గజాలు. సెంటు 48.4 గజాలు, గుంట 121 గజాలు. సెంటు రు. 10 లక్షలు అన్నా, గుంట రు. 25 లక్షలు అన్నా ఒకటే ధర. రెండూ గజం సుమారు రు. 20,661. ఒక ప్రాంతపు వర్తకుడు మరొక ప్రాంతంలో కొనేటప్పుడు ముందుగా గజంలోకి మార్చుకుని బేరమాడడం మంచిది.

దస్తావేజులో రాసే అంకె

పై ప్లాటుకు ప్రభుత్వ విలువ రు. 40 లక్షలే వున్నదనుకుందాము. "రు. 40 లక్షలకే రాసుకుందాం, మిగతా రు. 20 లక్షలు చేతికి ఇవ్వండి" అన్న మాట చాలా బేరాలలో వినవస్తుంది. కొనేవానికి స్టాంపు ఖర్చు రు. 1.5 లక్షలు తగ్గుతుందన్నది ఆశ. దీని ఫలితం మూడేళ్ల తర్వాత తెలుస్తుంది.

అమ్మేనాటికి ఎదుటి కొనుగోలుదారు బ్యాంకు అప్పుతో కొంటున్నాడు. పూర్తి కోటికీ దస్తావేజు కావాలంటాడు. అప్పుడు మన వర్తకుడు చూపగలిగిన ఖరీదు రు. 40 లక్షలు, స్టాంపులు రు. 3 లక్షలు, దలాలీ రు. 50 వేలు, మొత్తం రు. 43.5 లక్షలు. లాభం రు. 55.5 లక్షలుగా తేలుతుంది. పన్ను, సెస్సు కలిపి సుమారు రు. 7.22 లక్షలు. పూర్తి విలువకు రాసుకుని వుంటే కట్టవలసినది రు. 4.42 లక్షలు. ఎక్కువ కట్టినది రు. 2.80 లక్షలు. ఆదా అయిన లక్షన్నరకు మూడేళ్ల వడ్డీ రు. 54 వేలు కలుపుకున్నా రు. 2.04 లక్షలే. అంటే ముప్పావు లక్ష పైచిలుకు చేతి నుంచి పోయింది. పైగా మొత్తం ఆదాయం రు. 50 లక్షలు దాటితే సర్‌చార్జి తోడవుతుంది. ఆ అంకె ఈ లెక్కలో చేర్చలేదు.

ఇది లాభనష్టాల సంగతి మాత్రమే. ఆ రు. 20 లక్షలకు రశీదు లేదు. హక్కులో లోపం బయటపడి వ్యవహారం రద్దయితే కోర్టులో అడగగలిగేది దస్తావేజులో వున్న రు. 40 లక్షలే. రు. 20 లక్షల మూలం చూపలేకపోతే దానిపై పన్ను మామూలు రేటుకంటె ఎక్కువ వుంటుంది.

ఎదురు పరిస్థితి కూడా కలదు. ప్రభుత్వ విలువ బజారు ధరకంటె ఎక్కువగా వుండే చోట్లు కొన్ని వున్నవి. రాసుకున్న ధర ప్రభుత్వ విలువకంటె తక్కువయి, ఆ తేడా 10 శాతం పరిమితి దాటితే, అమ్మినవానికి ప్రభుత్వ విలువనే అమ్మకం ధరగా లెక్కకడతారు. కొన్నవానికి ఆ తేడాను ఆదాయంగా చూపి పన్ను వేస్తారు. ఒకే తేడాకు ఇద్దరూ పన్ను కట్టవలసి వస్తుంది. అగ్రిమెంటు నాటికీ, రిజిస్ట్రేషను నాటికీ మధ్య ప్రభుత్వ విలువ పెరిగితే అగ్రిమెంటు తేదీ నాటి విలువను తీసుకునే వీలున్నది. అయితే ఆ రోజుకు ముందుగానో, ఆ రోజునో కొంత సొమ్ము చెక్కు వంటి బ్యాంకు మార్గంలో చెల్లించి వుండాలి. కాబట్టి బయానా చెక్కు రూపంలో ఇవ్వడం కొనేవానికీ, అమ్మేవానికీ రక్షణే.

బయానా రొక్కంలో వద్దు

యార్డులో నోటి మాట మీద, చీటీ మీద లక్షల వ్యవహారం నడుస్తుంది. స్థలం విషయంలో ఆ అలవాటు పనికిరాదు. 2015 జూన్ 1 నుంచి స్థిరాస్తి బేరంలో అడ్వాన్సుగా రు. 20 వేలు, అంతకు మించి రొక్కంగా తీసుకోకూడదు. తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంత జరిమానా పడవచ్చు. బేరం తప్పి అడ్వాన్సు తిరిగి ఇచ్చేటప్పుడు కూడా ఇదే నియమం. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒకే వ్యవహారంలో రు. 2 లక్షలు, అంతకు మించి రొక్కంగా పుచ్చుకోవడం కూడా నిషిద్ధం. ఈ జరిమానాలు పుచ్చుకున్నవానికి పడతాయి. కనుక అమ్మే వర్తకుడు మరింత జాగ్రత్తగా వుండాలి.

బ్యాంకు క్యాష్ క్రెడిట్ సొమ్మును స్థలానికి మళ్లించడం మరొక ప్రమాదం. ఆ పరిమితి గోదాములోని సరుకు మీద ఇచ్చినది. స్టాకు స్టేట్‌మెంటులో సరుకు తగ్గి, సొమ్ము భూమిలో ఇరుక్కుంటే, కొత్త పంట రాబడి మొదలయ్యే వేళకు కొనుగోళ్లకు రొక్కం వుండదు. స్థలం ఒక్క రోజులో అమ్ముడుపోయే సరుకు కాదు.

రెండేళ్ల గడువు, రెండు రేట్లు

24 నెలలు పూర్తి కాకముందు అమ్మితే లాభం స్వల్పకాల లాభమవుతుంది. మామూలు ఆదాయంతో కలిసిపోతుంది. రు. 10 లక్షల లాభంపై 30 శాతం శ్లాబు వర్తకునికి రు. 3 లక్షల పన్ను. గడువు దాటిన తర్వాత అయితే రు. 1.25 లక్షలు. 23వ నెలలో వచ్చిన బేరాన్ని రెండు నెలలు ఆపగలిగితే తేడా రు. 1.75 లక్షలు. అందుచేత కొన్న తేదీని స్పష్టంగా చూపే కాగితాలు భద్రపరచాలి.

2024 జూలై 23 నుంచి దీర్ఘకాల లాభంపై ద్రవ్యోల్బణ సూచిక సవరణ తీసివేసి, పన్ను 20 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించారు. అయితే ఆ తేదీకి ముందు కొన్న స్థలాలకు, భవనాలకు దేశంలో నివసించే వ్యక్తులు, హిందూ అవిభక్త కుటుంబాలు రెండు విధాల లెక్కవేసి తక్కువ పన్ను కట్టవచ్చును. భాగస్వామ్య సంస్థలకు, కంపెనీలకు ఈ సౌకర్యం లేదు.

ఉదాహరణకు 2012-13లో రు. 20 లక్షలకు కొన్న స్థలం. అప్పటి సూచిక 200. 2025-26 సూచిక 376. సవరించిన ఖరీదు రు. 37.6 లక్షలు. 2025-26లో రు. 50 లక్షలకు అమ్మితే పాత పద్ధతిలో పన్ను రు. 2.48 లక్షలు, కొత్త పద్ధతిలో రు. 3.75 లక్షలు. పాతదే మేలు. అదే రు. 90 లక్షలకు అమ్మితే పాత పద్ధతిలో రు. 10.48 లక్షలు, కొత్త పద్ధతిలో రు. 8.75 లక్షలు. కొత్తది మేలు. ధర నెమ్మదిగా పెరిగిన చోట పాత లెక్క, వేగంగా పెరిగిన చోట కొత్త లెక్క లాభిస్తుందని గ్రహించాలి. సెస్సు వీటికి అదనం.

చిన్న వర్తకులలో ఒక అపోహ వున్నది. కొత్త పద్ధతిలో రు. 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదు కనుక స్థలం లాభానికీ పన్ను వుండదని అనుకుంటారు. ఆ రిబేటు దీర్ఘకాల మూలధన లాభంపై పన్నుకు వర్తించదు.

పొలం కొంటే పట్టణానికి ఎంత దూరం?

గ్రామీణ వ్యవసాయ భూమి పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు. అమ్మితే వచ్చిన లాభంపై మూలధన పన్ను లేదు. అయితే "గ్రామీణం" అన్నదానికి కొలత వున్నది. పది వేలు, అంతకు మించి జనాభా గల మునిసిపాలిటీ హద్దులలో భూమి వుండకూడదు. హద్దుకు వెలుపల కూడా, జనాభా 10 వేలకు మించి లక్ష వరకు వుంటే 2 కిలోమీటర్లు, లక్షకు మించి 10 లక్షల వరకు వుంటే 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్లు దాటి వుండాలి. దూరాన్ని రోడ్డు మీద కాక తిన్నగా ఆకాశమార్గంలో కొలుస్తారు. గుంటూరుకు 6 కిలోమీటర్ల లెక్క, విశాఖపట్నానికి 8 కిలోమీటర్ల లెక్క. మునిసిపల్ హద్దులు పెరిగితే నిన్నటి గ్రామీణ భూమి నేడు పన్ను పరిధిలోకి రావచ్చును.

ఆ భూమిలో నిజంగా సేద్యం జరుగుతున్నట్టు ఆధారాలు వుండాలి. వ్యవసాయేతర వినియోగానికి మార్చి, రాళ్లు పాతి అమ్మితే ఈ మినహాయింపు నిలవదు.

ఎవరి పేరున?

సంస్థ పేరున కొంటే పైన చెప్పిన రెండు రేట్ల సౌకర్యం రాదు. ఇల్లు కొని లాభానికి మినహాయింపు పొందే వీలు కూడా వుండదు. భార్య పేరున కొనడం తప్పు కాదు. కాని సొమ్ము భర్తదయితే అద్దె, అమ్మిన లాభం భర్త ఆదాయంలోనే కలుస్తాయి. మైనరు పిల్లల పేరున కొన్నా ఇంతే. భార్యకు స్వంత ఆదాయమో, పుట్టింటి సొమ్మో వుండి, అది ఆమె ఖాతానుంచి చెల్లిస్తే లెక్క వేరు.

గుమాస్తా పేరున, డ్రైవరు పేరున కొనడం మాత్రం పూర్తిగా మానుకోవాలి. 1988 నాటి బినామీ చట్టాన్ని 2016 నవంబరు 1 నుంచి కఠినం చేశారు. ఆస్తి జప్తు, ఒకటి నుంచి ఏడేళ్ల కఠిన శిక్ష, ఆస్తి విలువలో 25 శాతం వరకు జరిమానా విధించే అధికారం వున్నది. అసలు యజమానికీ, పేరు ఇచ్చిన గుమాస్తాకూ ఇద్దరికీ శిక్ష.

అద్దెలు, జీఎస్టీ

ఇల్లు, దుకాణం, గోదాము అద్దెకిస్తే యజమాని కట్టిన మునిసిపల్ పన్ను పోగా మిగిలిన దానిలో 30 శాతం మరమ్మతుల నిమిత్తం మినహాయిస్తారు, రశీదులు అడగరు. నెలకు రు. 20 వేల అద్దె, ఏటా రు. 12 వేల మునిసిపల్ పన్ను అయితే పన్నుకు వచ్చేది రు. 1,59,600. అప్పు తెచ్చి కొన్న అద్దె ఇంటి వడ్డీ కూడా మినహాయింపుకు వస్తుంది. అయితే వడ్డీ అద్దెను మించిపోతే ఆ నష్టాన్ని కొత్త పద్ధతిలో ఇతర ఆదాయంలో సర్దుకోనివ్వరు. పాత పద్ధతిలో ఏడాదికి రు. 2 లక్షల వరకే సర్దుకోవచ్చును.

వ్యాపార నిమిత్తం ఇచ్చిన అద్దెపై జీఎస్టీ 18 శాతం. యజమాని జీఎస్టీలో నమోదు కాకపోయినా, అద్దెకున్న వర్తకుడు నమోదై వుంటే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్నును అద్దెకున్నవాడే కట్టవలసి వుంటుంది. కాంపొజిషన్ వర్తకులకు మినహాయింపు కలదు. నిర్మాణంలో వున్న ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం, చౌక ఇళ్లకు 1 శాతం. పూర్తయిన ధ్రువపత్రం వచ్చిన తర్వాత కొంటే జీఎస్టీ లేదు. బేరంలో ఈ 5 శాతం ఎవరు భరిస్తారో ముందే రాసుకోవాలి.

మిర్చి నష్టం, భూమి లాభం

వర్తకులకు ప్రత్యేకంగా వుపకరించే సంగతి ఇది. ఈ ఏడాది సరుకు వ్యాపారంలో వచ్చిన నష్టాన్ని ఇదే ఏడాది స్థలం అమ్మిన లాభంలో సర్దుకోవచ్చును. గత సంవత్సరాలనుంచి తెచ్చుకున్న వ్యాపార నష్టాన్ని మాత్రం స్థలం లాభంలో సర్దుకోనివ్వరు. స్పెక్యులేషన్ నష్టానికీ ఈ వీలు లేదు. కనుక స్థలం అమ్మదలచినవారు ఏ ఆర్థిక సంవత్సరంలో అమ్మాలో మార్చి 31కి ముందే ఆలోచించుకోవాలి. రెండో దిక్కున తలుపు మూసి వున్నది. స్థలంలో వచ్చిన నష్టాన్ని వ్యాపార లాభంలో సర్దుకోవడానికి లేదు. దీర్ఘకాల నష్టం దీర్ఘకాల లాభంలోనే సర్దాలి. గడువులోగా రిటర్ను వేస్తే 8 ఏళ్లవరకు ముందుకు తీసుకుపోవచ్చును.

లాభాన్ని మళ్లీ పెట్టుబడిగా పెట్టి పన్ను తప్పించుకునే చట్టబద్ధమైన మార్గాలు రెండు. అమ్మిన 6 నెలలలోగా నిర్ణీత బాండ్లలో రు. 50 లక్షల వరకు పెట్టవచ్చును. 5 ఏళ్లు కదల్చరాదు. రెండవది ఇల్లు. అమ్మకానికి ముందు ఏడాదిలోనో, తర్వాత రెండేళ్లలోనో కొనాలి, లేదా మూడేళ్లలో కట్టుకోవాలి. ఇల్లు అమ్మినవారు లాభం మేరకు పెడితే చాలు. ప్లాటు, దుకాణం అమ్మినవారు పూర్తి మినహాయింపుకు అమ్మకపు సొమ్ము మొత్తం పెట్టాలి. అప్పటికి ఒకటికి మించి ఇళ్లు వుండరాదు.

కొనేవాడు పన్ను పట్టి కట్టాలి

ధర గాని, ప్రభుత్వ విలువ గాని రు. 50 లక్షలు, అంతకు మించి వుంటే కొనేవాడు 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. నలుగురు కలిసి కొన్నా, నలుగురు కలిసి అమ్మినా మొత్తం విలువనే చూస్తారు. గ్రామీణ వ్యవసాయ భూమికి ఇది వర్తించదు. మరచిపోతే వడ్డీ, జరిమానా కొనేవానికే. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో స్థిరపడిన మనవారి స్థలాలు కొనేటప్పుడు ఈ 1 శాతం సరిపోదు. ప్రవాసులకు మినహాయించవలసిన రేటు చాలా ఎక్కువ, రు. 50 లక్షల పరిమితి కూడా లేదు. తక్కువ మినహాయింపుకు అమ్మేవారు పన్ను శాఖనుంచి ధ్రువపత్రం తేవాలి. అది చూడకుండా సొమ్ము పంపరాదు.

హక్కు కాగితాలు

పసుపు కొనే వర్తకుడు పైన మచ్చు చూసి గోదాము మొత్తం కొనడు. అడుగు బస్తా కూడా విప్పి చూస్తాడు. స్థలానికి అడుగు బస్తా పాత దస్తావేజులు. కనీసం 30 ఏళ్ల లింకు దస్తావేజులు, ఆ కాలానికి ఈసీ తీసి చూడాలి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, కోర్టు వ్యాజ్యాలు, వారసుల తగాదాలు ఈసీలో కనబడకపోవచ్చును. అసలు దస్తావేజు అమ్మేవాని చేతిలో లేకపోతే అది ఎక్కడ తాకట్టులో వున్నదో తేలేవరకు బయానా ఇవ్వరాదు. జనరల్ పవరాఫ్ అటార్నీ, అగ్రిమెంటు మాత్రమే చూపి అమ్మితే హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సర్వే నంబరు నిషేధిత జాబితాలో లేదని చూసుకోవాలి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములకు 1977 చట్టం వున్నది. ఏజెన్సీ ప్రాంతాలలో గిరిజనేతరులకు భూమి బదిలీ 1970 సవరణ ప్రకారం చెల్లదు. దేవాదాయ, వక్ఫ్ భూములు ఎంత చౌకగా వచ్చినా కొనదగినవి కావు. తెలంగాణలో ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి వున్నది. ఈ రికార్డులోని పేరుకూ, దస్తావేజులోని పేరుకూ పొంతన వుండాలి.

లేఅవుట్లకు, అపార్టుమెంట్లకు 2016 నాటి రెరా చట్టం వర్తిస్తుంది. 500 చదరపు మీటర్లు గాని, 8 ఫ్లాట్లు గాని దాటిన పథకాన్ని నమోదు చేయకుండా అమ్మకానికి ప్రకటించరాదు. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి పుచ్చుకోరాదు. "ప్రీలాంచి" పేరిట సగం ధరకు ఇస్తామని మొత్తం సొమ్ము ముందే అడిగేవారు ఈ రెండు నియమాలకూ వెలుపల వున్నవారే. సరుకు దలాలీతోపాటు స్థలాల దలాలీ చేయదలచిన బ్రోకర్లు కూడా గమనించాలి: రెరా పథకాలలో అమ్మకాలు కుదిర్చే ఏజెంటు నమోదు కావలసి వుంటుంది.

ప్రతి స్థలానికి ఒక కవరు

ప్రతి స్థలానికి ఒక కవరు పెట్టుకోవడం మేలు. అందులో అగ్రిమెంటు, చెక్కుల వివరాలు, దస్తావేజు, స్టాంపు రశీదులు, దలాలీ రశీదు, ప్రహరీకి, మెరకకు అయిన ఖర్చుల బిల్లులు, ఏటా కట్టిన పన్ను రశీదులు, కొన్ననాటి ప్రభుత్వ విలువ పత్రం వుంచాలి. ఆ కవరులో వున్న ప్రతి రూపాయికి అమ్మిననాడు లెక్క చూపవచ్చును. లేని రూపాయికి పన్ను కట్టవలసి వస్తుంది. పెద్ద మొత్తాలలో చార్టర్డ్ అకౌంటెంటు, న్యాయవాది సలహాను బయానాకు ముందే తీసుకోవాలి. బయానా ఇచ్చిన తర్వాత తీసుకున్న సలహా ఖర్చు కిందకే వస్తుంది.